ఓడలో చివరి మూడు రోజులు

పన్నెండో రోజు పొద్దున్న కందిపొడి పేకెట్టు అడుగు కనిపించింది. ఇంక మన ప్రయాణం కూడా ఆఖరికొచ్చిందన్నమాట అనుకున్నాను. మొత్తం పధ్నాలుగు రాత్రుల ప్రయాణం. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో ఎక్కి, కరీబియన్ దీవులు చుట్టబెట్టి, పదిహేనో రోజు పొద్దున్న మళ్ళీ అక్కడే దిగాలి.

గోదావరి మీద లాంచీ తప్ప మరో ఓడ ఎరగని రాజమండ్రి మనిషిని. అంత దూరం ఎలా వెళ్ళానంటారా? మా అక్క ముప్ఫై ఏళ్ళుగా న్యూజెర్సీలో వుంటోంది. మా బావగారికి ఈ ఓడ ప్రయాణం అంటే మహా సరదా. 2020 మార్చిలో వెళ్ళాలని డబ్బు కట్టారు. కరోనా వచ్చి ఓడలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పట్టువదలకుండా 2024 ఫిబ్రవరికి మళ్ళీ కట్టారు. కానీ 2023 శ్రావణమాసంలో ఆయనే గుండెపోటుతో పోయారు. మా అక్క కొడుకు ఫోన్ చేసి, "పిన్నీ, ఈ టిక్కెట్లు నేను వదులుకోను. నాన్న ఇష్టపడి తీసుకున్నవి. నువ్వు వచ్చి అమ్మతో వెళ్ళు" అన్నాడు. మావారు కూడా వెళ్ళిరమ్మన్నారు. మా అమ్మకి ఎనభై ఏళ్ళు, మా ఇంట్లోనే వుంటుంది. ఆవిణ్ణి చూసుకోవడానికి మా ఆడపడుచు వచ్చి వుంది. అలా కుదిరింది.

బయల్దేరే ముందు అమ్మ నాకు అప్పజెప్పిన పని ఒక్కటే. "దాన్ని ఒంటరిగా ఆ మంచులో వదిలిపెట్టి రాకే. ఇక్కడికి తీసుకొచ్చెయ్యి" అంది. మా ఇంటి పై వాటా వుంది, అద్దెకిచ్చాం. ఖాళీ చేయించి అక్కకి ఇద్దామని మావారూ అన్నారు. ఆ మాట ఎప్పుడెత్తాలా అని పదకొండు రోజులు చూశాను. ఎత్తలేదు. రోజుకో దీవి, రోజుకో రేవు, వాటిలోనే పొద్దుపోయేది.

చూసినవన్నీ చెప్పుకుంటూ పోతే పేజీలు చాలవు. కురసావ్ దీవిలో విలెమ్‌స్టాడ్ అనే వూళ్ళో పడవల మీద తేలే వంతెన వుంది. 1888లో కట్టారుట. ఓడ వచ్చిందంటే వంతెన మొత్తం తలుపు తెరిచినట్టు పక్కకి జరుగుతుంది, మనుషులు దాని మీద నిలబడి వుండగానే! సెంట్ లూషియాలో సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన జంట కొండలు. ఇవన్నీ ఒక ఎత్తు, గ్రెనడా ఒక్కటీ ఒక ఎత్తు. వంటింట్లో మెలిగే ఏ ఆడదానికైనా ఆ దీవి నచ్చి తీరుతుంది. ఆ దేశపు జెండా మీద జాజికాయ బొమ్మ వుంటుంది మరి!

జాజికాయ చెట్టుని నేనెప్పుడూ చూడలేదు. పచ్చగా చిన్న జామకాయంత కాయ, పండితే దానంతటదే రెండుగా విచ్చుకుంటుంది. లోపల నల్లటి గింజ. దాని చుట్టూ ఎర్రటి పట్టుదారంతో వల అల్లినట్టు జాపత్రి. మనం కొట్లో కొనే జాపత్రి ఎండి గోధుమరంగులో వుంటుంది, పచ్చిది నిజంగా కుంకుమ రంగే. ఈ రెండూ ఒకే కాయలోవని నాకు ఆ రోజే తెలిసింది, ఇరవై ఏళ్ళుగా బిరియానీలో వేస్తున్నా. పైనున్న గుజ్జుతో జామ్ చేస్తారు, పానకం కాస్తారు. ప్రపంచంలో ఇండోనేషియా తరవాత ఇక్కడే ఎక్కువ పండేదిట. 2004 సెప్టెంబరులో వచ్చిన ఇవాన్ తుపానుకి చెట్లు చాలామటుకు కూలిపోయాయి. మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. మన కోనసీమలో 1996 తుపానుకి కొబ్బరితోటలు పోయినప్పుడు మా మేనమామ ఎలా కూలబడ్డాడో గుర్తొచ్చింది.

అక్కడ మమ్మల్ని తిప్పిన కారు డ్రైవరు ముఖం చూస్తే మన కాకినాడ మనిషే అనుకుంటారు. వాళ్ళ ముత్తాతలు ఇండియా నుంచి చెరుకు తోటల్లో కూలికి వచ్చారుట. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడ మనవాళ్ళని గ్రెనడాకి మొదటిసారి తెచ్చింది. అంతకుముందే 1845లో ట్రినిడాడ్‌కి ఫాటెల్ రజాక్ అనే ఓడ వచ్చింది. మద్రాసు రేవు నుంచి కూడా ఈ దీవులకి ఓడలు వెళ్ళాయి, వాటిలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ వున్నారు. నెలల తరబడి ఆ తెరచాప ఓడల్లో ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో. నేను రెండో రోజే తల తిరిగి అల్లం ముక్క చప్పరిస్తూ మంచం దిగలేదు.

ఆ డ్రైవరు మాకు తినిపించిన దాల్‌పూరి గురించి చెప్పి తీరాలి. శనగపప్పులాంటి పప్పు ఉడకబెట్టి, పొడిపొడిగా రుబ్బి, జీలకర్ర, ఉప్పు, కాస్త కారం కలిపి మైదాపిండిలో పూర్ణంలా పెట్టి పల్చగా వత్తి పెనం మీద కాలుస్తారు. ఆలోచించండి, బొబ్బట్టే కదూ! బెల్లం బదులు ఉప్పూ కారం, అంతే తేడా. బంగాళాదుంప కూర పెట్టి చుట్టి ఇచ్చారు. అక్క రెండు తింది. బావగారు పోయాక అది రెండోది అడిగి తినడం అప్పుడే చూశాను.

సరే, చివరి రోజుల సంగతికి వస్తాను.

పన్నెండో రోజు సెంట్ థామస్‌లో ఆగాం. అది అమెరికా వాళ్ళదే, 1917లో డెన్మార్క్ దగ్గర కొనుక్కున్నారు. అయినా కార్లు మాత్రం మనలాగే ఎడమపక్క నడుస్తాయి. అక్కణ్ణించి ఫ్లోరిడాకి రెండు పగళ్ళూ సముద్రమే, దీవి లేదు, రేవు లేదు. ఓడ తీరం వదలగానే జనం తీరే మారిపోయింది. మొదటి రోజుల్లో పొద్దున్నే ఈతకొలను దగ్గర కుర్చీల కోసం తువ్వాళ్ళు పరిచి చోటు కాచుకున్నవాళ్ళు, ఇప్పుడు ఏ కుర్చీ దొరికితే అందులో కూలబడి కునికిపాట్లు. భోజనాల దగ్గర పదిరకాలు పళ్ళెంలో వేసుకున్నవాళ్ళు ఉట్టి సూపు తాగుతున్నారు. మా బల్ల దగ్గర కూర్చునే అమెరికా ముసలాయన, "ఇంటికెళ్ళి మా ఆవిడ చేసే ఆమ్లెట్టు తినాలి" అన్నాడు. ఎంత గొప్ప వంటవాళ్ళైనా రెండువారాలకి మొహం మొత్తాల్సిందే.

మేం శాకాహారులం, మా తిప్పలు వేరే. ఇంట్లో వండినవి ఓడలోకి తేనివ్వరు. సీలు తియ్యని కొట్టు పేకెట్లయితే ఫరవాలేదన్నారు. అందుకని అక్క ఎడిసన్‌లో కందిపొడి, కారప్పొడి పేకెట్లు కొంది. ఉట్టి అన్నం, తియ్యగా లేని పెరుగు అడిగితే ఇస్తారు. మా బల్లకి వడ్డించే కుర్రాడు గోవా వాడు. మొదటి రోజే మా పేర్లూ, మా నోళ్ళూ కూడా పట్టేశాడు. "ఇవాళ చెప్తే రేపు పప్పు చేయిస్తాను మేడమ్" అని లోపలి వంటవాళ్ళతో చెప్పి చేయించేవాడు. ఎనిమిది నెలల ఒప్పందం మీద వచ్చాడు, ఇంకా మూడు నెలలు మిగిలాయి. కూతురికి మొదటి పుట్టినరోజు ఈ ఓడలోనే ఫోన్లో చూశాడుట. మనం దిగిపోతాం, అతను మాత్రం ఆ సాయంత్రమే కొత్తవాళ్ళ పేర్లు నేర్చుకోవాలి.

పదమూడో రోజు మధ్యాహ్నం కెప్టెన్ మైకులో మాట్లాడుతూ, అట్లాంటిక్ సముద్రంలో కెల్లా లోతైన చోటు ఇక్కడికి దగ్గర్లోనే, పోర్టోరికోకి ఉత్తరాన వుందన్నాడు. ఎనిమిది వేల మీటర్ల పైచిలుకు లోతు. మా బాల్కనీలోంచి చూస్తే నీళ్ళు నీలంమందు కలిపినట్టున్నాయి. అక్కడక్కడ పసుపుపచ్చ నాచు బారులు తేలుతున్నాయి. సర్గాసమ్ అంటారు. 2011 నుంచి ఈ దీవుల ఒడ్డున గుట్టలుగా చేరి కుళ్ళి కంపుకొడుతోందని గోలపెడుతున్నారు. ఓడ అలజడికి చిన్న చేపలు గుంపుగా పైకెగిరి, పిచ్చికల్లా నీటిమీద కొంతదూరం ఎగిరి మళ్ళీ మునుగుతున్నాయి. ఎగిరే చేపలని వినడమే, చూడటం ఇదే.

"ఇంక ఒక్కరోజు" అంది అక్క. "ఇల్లు గుర్తొస్తే కాళ్ళు బరువెక్కుతున్నాయే చిన్నీ."

ఇదే సమయమనుకున్నాను. పై వాటా సంగతి, అమ్మ మాట, ఆస్పత్రి దగ్గరగా వుంది, గుడి దగ్గరగా వుంది, పనిమనిషి దొరుకుతుంది, అన్నీ వరసగా చెప్పేశాను. బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో కూడా చెప్పినట్టున్నాను. అక్క సముద్రం వంక చూస్తూ అంతా విని, "అయితే మీరందరూ కూర్చుని నిర్ణయం చేసేశారన్నమాట. నన్ను అడిగే పని లేకుండా" అంది. "అది కాదక్కా" అన్నాను. "ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశాను. కారు నడుపుతాను. నన్ను తీసుకెళ్ళి ఎవరూ అరుగుమీద కూర్చోబెట్టక్కర్లేదు" అని లోపలికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంది.

మీలో ఎవరైనా తోబుట్టువుతో పోట్లాడి ఓడ గదిలో వుండి చూశారా? మన రైలు పెట్టెకన్నా కాస్త పెద్దగది. రెండు మంచాల మధ్య ఒక మనిషి పడితే రెండో మనిషి పట్టదు. స్నానాల గది తలుపు తీస్తే బీరువా తలుపుకి తగులుతుంది. పెళ్ళికి ముందు ఒక గదిలో పడుకున్న అక్కచెల్లెళ్ళం మళ్ళీ ఇన్నేళ్ళకి ఒక గదిలో వున్నాం, ఒకళ్ళతో ఒకళ్ళం మాట్లాడకుండా. గది సర్దే ఇండోనేషియా అబ్బాయి రోజూలాగే తువ్వాలుతో ఏనుగుబొమ్మ చేసి మంచం మీద పెట్టి వెళ్ళాడు. రోజూ దాన్ని చూసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ రోజు అది అలాగే వుండిపోయింది.

తోచక ఉతుకుల గదికి వెళ్ళాను. మా ఓడలో అంతస్తుకో గది వుంది, నాణేలు వేస్తే తిరిగే యంత్రాలు, రెండు ఇస్త్రీ బల్లలు. మన వీధి కుళాయి ఎలాంటిదో అదీ అలాంటిదే. ఎవరి కోడలు ఎలాంటిది, ఎవరు పేకాటలో ఎంత పోగొట్టుకున్నారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. చివరి రోజుల్లో మరీ రద్దీ. మాసిన బట్టలు ఇంటికి మోసుకెళ్ళడం ఇష్టంలేని వాళ్ళంతా బుట్టలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నా నేతచీర ఇస్త్రీ చేస్తుంటే ఇద్దరు దొరసానులు ఆ ఆరు గజాలూ నేలకి తగలకుండా చెరో కొసా పట్టుకున్నారు.

వాళ్ళలో ఒకావిడకి డెబ్భై అయిదు దాటి వుంటాయి. "నువ్వు ఆవిడ చెల్లెలివి కదూ? మీ బావగారి గురించి చాలా చెప్పింది" అంది. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషుతో ఏం చెప్పిందని అడిగాను. ఆయన టొమాటో మొక్కలకి పేర్లు పెట్టేవాడనీ, మంచు పడితే తెల్లారకుండానే లేచి పక్కింటివాళ్ళ వాకిలి కూడా తవ్వేవాడనీ, ఆ రోజు పొద్దున్న కాఫీ చల్లారిందని ఈవిడ విసుక్కుందనీ. అదే ఆఖరి మాటట. వారం రోజులుగా ఇక్కడ ఇస్త్రీ చేస్తూ మా అక్క ఈ పరాయి మనిషితో చెప్పుకుంటోంది! నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నాకు రోషం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఆవిడా భర్త పోయిన మనిషేట. తనకీ ఓడ దిగే రోజంటే భయమేననీ, అందుకే దిగకముందే తరవాతి ప్రయాణానికి డబ్బు కట్టేస్తాననీ చెప్పింది. అలా ఎన్నిసార్లు కట్టిందో లెక్కపెట్టుకోలేదుట.

గదికి తిరిగొచ్చాను. ఆలోచిస్తే నాకు గుర్తొచ్చింది, పదమూడు రోజుల్లో నేను అక్కని బావగారి గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడుస్తుందని భయం. దీవులు చూడు, తిను, ఫోటో దిగు అంటూనే వున్నాను. లైటు తీసేశాక, "అక్కా, టొమాటో మొక్కలకి ఏం పేర్లు పెట్టేవారు?" అన్నాను. చాలాసేపు జవాబు లేదు. తరవాత, "అన్నీ సావిత్రి సినిమా పేర్లే" అంది. ఇంక తెల్లారేదాకా చెప్తూనే వుంది. ఆ రాత్రి ఓడలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు, దీవుల టైము నుంచి ఫ్లోరిడా టైముకి. అందుకని మాకు ఒక గంట రాత్రి ఎక్కువే దొరికింది. పై వాటా మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

పధ్నాలుగో రోజంతా సర్దుడే. గదిగదికీ రంగు చీటీలు పంచారు. పెట్టెలకి ఆ చీటీలు కట్టి, రాత్రి పదింటికల్లా గది బయట పెట్టెయ్యాలి. వాళ్ళు తీసుకెళ్ళి పొద్దున్న రేవులో రంగుల వారీగా పేరుస్తారు. పాస్‌పోర్టు, మందులు, మర్నాటి బట్టలు చేతిసంచీలో వుంచుకోవాలి. మనలాంటివాళ్ళకి అమెరికా వీసా మళ్ళీ మళ్ళీ అడుగుపెట్టనిచ్చేది అయివుండాలి, అది ఎక్కే ముందే చూసుకోండి. మిగిలిన పళ్ళు సంచీలో వేసుకోకూడదు, ఒక్క ఆపిల్ పండు దొరికినా తీసేసుకుంటారు. అడిగితే తినే వస్తువులన్నీ దాచకుండా చెప్పాలి. సేవకి రోజుకింత అని మన లెక్కలో ముందే కలిపేస్తారు. అయినా గోవా అబ్బాయికీ, ఏనుగులు చేసే అబ్బాయికీ కవర్లలో విడిగా ఇచ్చాం. గోవా అబ్బాయి ఆఖరి భోజనానికి పప్పు, గోబీకూర, చిన్న గిన్నెలో నెయ్యి కూడా తెచ్చాడు. కందిపొడి పేకెట్టు దులిపి వేసుకున్నాం.

పదింటికి పెట్టెలు వెళ్ళిపోయాయి. హాయిగా పడుకున్నాను.

పొద్దున్న ఆరింటికి స్నానం చేసొచ్చి చూసుకుంటే, మర్నాటికని తీసివుంచిన చీర, రవిక, లంగా, ఏవీ లేవు! ఇస్త్రీ నలగకుండా పెట్టెలో పైన పెట్టాను, పెట్టెతో పాటే పంపించేశాను. వంటిమీద నైటీ, చేతిలో జాజికాయల దండ వున్న సంచీ, అంతే. అక్క నన్ను చూసి మొదట అర్థంకాక, తరవాత మంచంమీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "నాకు బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకోవాలో చెప్పే మనిషివి కదే నువ్వు!" అంది.

తన సంచీలోంచి ఒక ట్రాక్ పేంటు తీసి ఇచ్చింది. పైకి వేసుకోవడానికి ఏమీ లేదు. కాసేపు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, అడుగునుంచి బూడిదరంగు స్వెట్టరు ఒకటి తీసింది. మగవాళ్ళది.

"ఇది బావగారిది కదా అక్కా."

"ఆయనకి ఏసీ పడదుగా. సర్దేటప్పుడు అలవాటుగా పెట్టేశాను. ఎక్కాక చూసుకున్నాను. వేసుకో, చలిగా వుంటుంది."

నలభై ఆరేళ్ళొచ్చాక జీవితంలో మొదటిసారి పేంటు వేసుకుని, మోకాళ్ళదాకా వేలాడే స్వెట్టరుతో, బొట్టు పెట్టుకుని ఓడ దిగాను. అప్పటికే మా నడవాలో పక్కదుప్పట్లు గుట్టలుగా పడివున్నాయి. మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు ఎక్కుతారు, అంతలోపల గదులన్నీ సిద్ధం చెయ్యాలి. ఏనుగుల అబ్బాయి చెయ్యి వూపి పరుగెత్తాడు, ఆగే తీరిక లేదు.

కస్టమ్స్ దగ్గర చాంతాడంత వరస. సంచీలో ఏముందన్నాడు ఆఫీసరు. జాజికాయలు, ఎండినవి అన్నాను. దండ చూసి, వాసన చూసి, వెళ్ళమన్నాడు. నా వెనకాలే అక్క వచ్చింది. పెట్టెల కుప్పల్లో మా ఆకుపచ్చ చీటీల కోసం వెతుకుతున్నాం. వెతుకుతూ వెతుకుతూనే, నావంక చూడకుండా అడిగింది:

"ఆ పై వాటాలో వాళ్ళకి స్కూలుకెళ్ళే పిల్లలున్నారా?"

"ఇద్దరున్నారు" అన్నాను.

"అయితే ఏప్రిల్లో పరీక్షలయ్యేదాకా వాళ్ళనేమీ అడక్కండి. నేను ముందొచ్చి ఒక నెల వుండి చూస్తాను. చూస్తానంతే, అమ్మకేమీ చెప్పకు."

నా పెట్టె కనిపించింది. అక్కడే తెరిచి చీర తీసుకుందామనుకున్నాను గానీ, ఆడవాళ్ళ గది ముందు కూడా పెద్ద వరసే. స్వెట్టరుతోనే విమానాశ్రయానికి వెళ్ళాను.